గోడకి దాహం

జూన్ 2

మావయ్యా,

ముందు ఎక్కడైనా కూర్చో. నువ్వు పైపుల మీదెక్కి నిలబడి ఉత్తరాలు చదువుతావని అమ్మ చెప్పింది. ఇది చదివి కొండ మీంచి జారిపడితే ఆ నింద నాకొద్దు.

కూర్చున్నావా? నీ మేనకోడలు ప్లంబరయింది!

నవ్వకు. నవ్వుతున్నావని ఇక్కడికి తెలుస్తోంది. మూడు నెలలుగా మన బాత్రూంలో వాష్‌బేసిన్ కింద చుక్క చుక్క కారుతోంది. వీధి చివర ప్లంబర్‌ని నాలుగుసార్లు పిలిస్తే నాలుగుసార్లూ "రేపొస్తానమ్మా" అన్నాడు. అయిదోసారి వచ్చాడు. బేసిన్ కిందికి వంగి చూసి, నాలుక చప్పరించి, తల అడ్డంగా ఊపాడు. "ఏమైంది?" అని అడిగాను. ఏమన్నాడో తెలుసా? "మీకు చెప్పినా అర్థం కాదులెండి." నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పానా అక్కడే పెట్టి వెళ్లిపొమ్మన్నాను. పానా మాత్రం పట్టుకునే వెళ్లాడు.

మావయ్యా, ఈ లోకంలో దోపిడీ అంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తోంది: మీకు చెప్పినా అర్థం కాదు. డాక్టరు అదే అంటాడు, వకీలు అదే అంటాడు, ఇప్పుడు గొట్టాలు బిగించేవాడు కూడానా! నిన్నేమీ అనడం లేదు, నువ్వు వేరు. కానీ మీ ప్లంబర్లు విద్యని చంకలో దాచుకుని తిరుగుతారు. ఇక దాగదు. మా ప్రెస్సులో ఇప్పుడు "నీ ఇంటి మరమ్మతు నీ చేతిలో" అనే పుస్తకం అచ్చవుతోంది. పదహారేసి పేజీల ఫారాలు మడిచేది నేనే. చెడిపోయిన కాపీ ఒకటి చిత్తుబుట్టలో పడేస్తుంటే అడిగి తెచ్చుకున్నాను. నా చదువంతా అలా చిత్తుబుట్టలోంచి వచ్చిందే కదా. ఈ ప్రతిలో పదహారో పేజీ తర్వాత సరాసరి ముప్పై మూడు వస్తుంది. నష్టమేం లేదు. మధ్యలో ఏముంటాయి, జాగ్రత్త జాగ్రత్త అని మందలింపులే ఉంటాయి. అవి నేను పుట్టినప్పటినుంచీ వింటూనే ఉన్నాను.

ఇప్పటికి చేసిన పనులు: బేసిన్ కింద వాషర్ మార్చాను. కొళాయికి టేపు చుట్టాను. స్నానం నీళ్లు పోయే జాలీ కింద చెయ్యి పెట్టి పిడికెడు జుట్టు తీశాను (అది అమ్మ జుట్టు, నాది కాదు). ఫ్లష్ ట్యాంకులో తేలే బుడ్డి సరిచేశాను. అమ్మ బస్సు డ్యూటీ దిగి వచ్చి చూసి నోరు తెరిచింది. ఆ నోరు మళ్లీ మూసుకుని, "చేతులు కడుక్కో" అంది. నా విప్లవానికి దక్కిన మొదటి సన్మానం అదీ.

ఇంకో పని కూడా చేశాను. అది నీకు చెప్పను. నీ మీద ప్రేమ కొద్దీ చేశాను, ప్రేమ కొద్దీ దాస్తున్నాను. అడగకు.

అమ్మమ్మ కులాసా. బాత్రూంని ఆనుకున్న వెనక గదిలో తలుపూ కిటికీ మూసుకుని, గాలి తగిలితే కీళ్లు పట్టేస్తాయని నన్ను తిడుతూ ఉంది.

ఇట్లు, చేతికి మసి వదలని
నీ తుపాను

●

జూన్ 9

తుపానూ,

కూర్చునే చదివాను. ఇక్కడ కూర్చోవడానికి రాళ్లు తప్ప ఏమీ లేవు కాబట్టి నీ ఉత్తరం చాలా గట్టిగా గుచ్చుకుంది.

ఈ కొండమీది ఊరికి నీళ్లెక్కించే పని ఇంకా మూడు నెలలుంది. డేరాల్లో ఉంటున్నాం. ఫోను ఇంజనీరు డేరాలో ఒకటుంది గాని, వానకి తీగ తెగి అది ఇప్పుడు కాగితాల మీద బరువుకి పనికొస్తోంది. టపా వారానికి రెండుసార్లు దిగుతుంది. అందుకని కోపం వచ్చినప్పుడల్లా కాకుండా, కోపం బాగా ముదిరాక రాస్తూ ఉండు.

ఆ ప్లంబరు అలా అనడం తప్పే. నాకు ఎదురుగా అని ఉంటే వాడి పానా వాడికే ఇచ్చి, "ఇప్పుడు అర్థమయ్యేలా చెప్పు" అని ఉండేవాణ్ని. అడిగినవాళ్లకి చెప్పలేని పని వచ్చినట్టు కాదు. నువ్వు జాలీలో చెయ్యి పెట్టావని చదివి నా ఛాతీ ఒక అంగుళం పెరిగింది.

ఒక్క మాట మాత్రం వినవే. ఆ బాత్రూం నా మొదటి పని. ఇరవై రెండేళ్లవాణ్ని. మేస్త్రీ ఎవడూ లేకుండా నేనొక్కణ్నే కొలిచి, కోసి, అతికించాను. మా అమ్మ, అదే మీ అమ్మమ్మ, పక్కన స్టూలు మీద కూర్చుని, "ఒరేయ్ ఇదెందుకు, ఒరేయ్ అదెందుకు" అని ప్రతి ముక్కకీ లెక్క అడిగింది. అందులో అనవసరమైన గొట్టం ఒక్క జానెడు లేదు. కాబట్టి దేన్నైనా విప్పు, మళ్లీ బిగించు. కానీ తీసిపారెయ్యకు.

ఆ చెప్పని పని ఏమిటే? ప్రేమ కొద్దీ అన్నావు కాబట్టి భయం వేస్తోంది.

అమ్మ నాకు ఒక్క ముక్క రాయించడం లేదెందుకు? కళ్లు ఆనకపోతే నువ్వు రాసిపెట్టు. మాట ఆవిడది, అక్షరం నీది. నీ సొంత కవిత్వం కలపకు.

మావయ్య

●

జూన్ 16

మావయ్యా,

నీ ఉత్తరం చదివి, ఆ "జానెడు" అన్న చోట నాకు నిన్ను తలుచుకుంటే జాలేసింది. ఎందుకో అడగకు. ఇప్పుడు జాలిపడే స్థితిలో కూడా లేను.

అమ్మమ్మకి మతి తప్పుతోంది.

రాసేశాను. మూడు రోజులుగా ఈ వాక్యం చేతికి రాలేదు.

మొదట్లో నవ్వులాటే అనుకున్నాం. "గోడలో ఎవరో ఉన్నారే" అంది. సరే, ముసలావిడ కదా. మర్నాడు, "వాడికి దాహంగా ఉందే పాపం" అంది. చెంబు తీసుకుని లోపలికి వెళ్లి బాత్రూం జాలీలో నీళ్లు పోసింది. పోసి, చెవి ఒగ్గి, "ఆ, ఇప్పుడు ఊరుకున్నాడు" అని మంచమెక్కింది.  గంటకోసారి ఇదే వరస. అమ్మ తెల్లారగట్ల బట్టలుతికి బకెట్లు కుమ్మరించి డ్యూటీకి పోగానే ఈవిడ చెంబు పట్టుకుని బయల్దేరుతుంది. పొద్దుటినుంచి సాయంత్రం దాకా పద్నాలుగు చెంబులు! ఆదివారం నాడు నేనే కూర్చుని లెక్కపెట్టాను. లెక్కపెడుతూ కూర్చుంటే నాకూ తల పగిలిపోయింది. అమ్మేమో, చిత్తు పుస్తకాలు చదివి చదివి తలనొప్పి తెచ్చుకున్నావంటుంది.

కొళాయిలో నీళ్లు వచ్చేది రోజుకి గంటన్నర. వీధి వీధంతా బిందెలతో వరసలో నిలబడుతుంటే మా ఇంట్లో నీళ్లు కంతలో పోస్తామా? నీటి మీద మా ప్రెస్సులో అచ్చయిన కరపత్రం మొత్తం నాకు కంఠతా వచ్చు. ఆవిడకి చదివి వినిపించాను. అంతా విని, "మరి వాడి దాహం సంగతేమిటే?" అంది.

అందుకని నాలుగు రోజుల కిందట చెంబు తీసి అటక మీద పెట్టేశాను. బకెట్లు బోర్లించాను. నేను చేసింది న్యాయమే. అవునా, కాదా?

అప్పటినుంచి మరీ అధ్వాన్నమయింది. తల తిరుగుతోందంటుంది, కడుపులో తిప్పుతోందంటుంది. నిన్న మధ్యాహ్నం నన్ను నీ పేరు పెట్టి పిలిచి, "ఒరేయ్, ఇదెందుకురా, అదెందుకురా" అంటూ గోడ తడిమింది. లేవబోయి గడప దగ్గర కూలబడింది. దెబ్బ తగల్లేదు. డాక్టరు వచ్చి నాడి పట్టుకుని, "వయసు" అన్నాడు. ఇంకేమైనా చెప్పండి అంటే ఆయన కూడా ఆ ప్లంబరు చూపే చూశాడు.

ఇంకొకటుంది. రాయడానికి సిగ్గుగా ఉంది. ఆవిడ గదిలో వాసన. అమ్మ రోజుకి రెండుసార్లు దుప్పట్లు మారుస్తోంది. దుప్పట్లు పొడిగానే ఉంటాయి, అయినా వాసన పోదు. అమ్మ ఏమీ అనదు, ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటుంది. అది చూసి అమ్మమ్మ, "నేను కాదే తల్లీ, ఒట్టు, నేను కాదే" అని చిన్నపిల్లలా ఏడ్చింది. ఆవిడ ఏడవగా నేను ఎప్పుడూ చూడలేదు, మావయ్యా.

అమ్మ కండక్టరుగా వెళ్లే బస్సు చివరి స్టాపులో ఒక వృద్ధుల సదనం ఉంది. అమ్మ అక్కడ అడిగి వచ్చింది. కొడుకు సంతకం కావాలట. కూతురు సంతకం ఎందుకు చాలదని అక్కడే దెబ్బలాడేదాన్ని, అమ్మ నన్ను బస్సు దిగనివ్వలేదు. నువ్వు మాత్రం సంతకం పెట్టవని నాకు తెలుసు. ఆ నమ్మకంతోనే ఇదంతా దాచకుండా రాస్తున్నాను.

నీ
తుపాను

●

జూన్ 24

అమ్మాయ్,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. మొదటిసారి నమ్మలేదు. నాలుగోసారి కూడా నమ్మబుద్ధి కాలేదు.

నాకు ఎక్కాలు నేర్పిన మనిషి. ఎవరు ఎప్పుడు ఏం తీసుకెళ్లారో పదేళ్ల తర్వాత కూడా తారీకుతో చెప్పే మనిషి. గోడతో మాట్లాడుతోందా?

మీరిద్దరూ పొద్దున్నే పోతే పొద్దుగూకాక వస్తారు. గడప దగ్గర పడింది ఈసారి. వచ్చేసారి స్టవ్ దగ్గరో, డాబా మెట్ల దగ్గరో పడితే? అక్క కూడా సదనం కాగితం జతచేసి రాసింది. అది ఎప్పుడూ ఏదీ అడగదు. ఈసారి అడిగింది.

సంతకం పెట్టి పంపుతున్నాను. అక్క పేరు మీద, ఇదే టపాలో. నన్ను తిట్టు. కానీ అక్కని ఏమీ అనకు.

మావయ్య

●

జూన్ 30

కొండ మీది పెద్దమనిషికి,

మావయ్యా అని రాయడానికి కలం కదలడం లేదు.

అమ్మ పేరు మీద వచ్చిన కవరు నేనే విప్పాను, ఆ కాగితం నా ఒళ్లో పడింది. చుట్టూ గుండ్రంగా, కింద గీత గీసి మరీ పెట్టావు సంతకం!  పులి వచ్చి మీద పడినా అంత అదిరిపోయేదాన్ని కాదు. నువ్వా? ఎనిమిది రోజులు ఆలోచించి, పది వాక్యాలు రాసి, కన్నతల్లిని చివరి స్టాపులో దింపెయ్యమన్నావా?

జూలై ఎనిమిదో తారీకు పొద్దున్న మొదటి బస్సుకి తీసుకెళుతుందట అమ్మ. అమ్మమ్మ పెట్టె సర్దుతోంది. ఆవిడ ఏమీ అడగడం లేదు. "నా చెంబు ఎక్కడ పెట్టావే?" అని మాత్రం నన్నడిగింది.

నువ్వు గొప్ప పనివాడివని, నీ మాట మీద కోట కట్టొచ్చని వీధంతా చెప్పుకు తిరిగాను. ఇక దాచను. నీ గొప్ప పనితనం ఎంతో విను. డాబా మీద, బాత్రూంకి సరిగ్గా పైన, నా భుజాలెత్తు గొట్టం ఒకటి నిలబెట్టావు. దానికి ట్యాంకు లేదు, కొళాయి లేదు. అందులోకి నీళ్లు రావు, అందులోంచి నీళ్లు పోవు. నోరు తెరుచుకుని ఆకాశం వైపు చూస్తూ ఉంటుంది. పక్కింటి దర్జీ మా డాబా వైపు చూసి, "మీ మావయ్య జెండా మర్చిపోయి కర్ర ఒక్కటే పాతాడేమిటమ్మా" అని అందరిముందూ పకపకా నవ్వాడు. ఆయన్ని అక్కడే కడిగేశాను. కానీ పైకి ఎక్కి చూస్తే ఆయన మాటే నిజం! ఇరవై రెండేళ్ల కుర్రతనంలో కొలతలు తప్పి, మిగిలిన గొట్టం ఏం చెయ్యాలో తెలియక అలా వదిలేశావని అర్థమైంది. పైగా బట్టలారేసుకునే చోట దాన్లోంచి కంపు.

అందుకే మే నెలాఖరున దానికి మూత బిగించి, బంకతో అతికించి, పైన సిమెంటు మెత్తి, ఆ సిమెంటు మీద పూలకుండీ పెట్టాను. నీ తప్పు లోకానికి కనబడకుండా! అదీ నేను చెప్పని పని. నీ పరువు మీద పూలు పూయించాను. నువ్వేమో నా అమ్మమ్మని పంపించేస్తున్నావు.

ఇంక ఉత్తరాలు రాయను. రాస్తే చదవకు.

సంతకం పెట్టడం చేతకానిది

●

జూలై 6

తుపానూ,

మిగతాది తర్వాత చదువు. ముందు ఈ పనులు చెయ్యి. ఇదే వరసలో.

అమ్మని ఆ గదిలోంచి ముందు బయటికి తీసుకురా. తలుపులు, కిటికీలు అన్నీ తెరువు. అగ్గిపుల్ల గియ్యకు. స్టవ్ వెలిగించకు. జాలీలో, బేసిన్‌లో, ఎక్కడెక్కడ నీళ్లు పోయే కంత ఉంటే అక్కడ ఒక్కో చెంబెడు నీళ్లు మెల్లిగా పొయ్యి. తర్వాత డాబా ఎక్కి ఆ గొట్టాన్ని సిమెంటు కింద నుంచి రంపంతో కొయ్యి.

చేశావా? ఇప్పుడు కూర్చో.

అది మిగిలిపోయిన గొట్టం కాదే. ఆ బాత్రూంకి అది ముక్కు. ప్రతి కంత కిందా గొట్టం వంపు తిరిగి ఉంటుంది, చూశావు కదా. ఆ వంపులో ఎప్పుడూ నాలుగు వేళ్ల నీళ్లు నిలిచి ఉంటాయి. సీసాకి బిరడాలాగా. కిందున్న మురుగు ట్యాంకు గాలి పైకి రాకుండా ఆపేది ఆ నాలుగు వేళ్ల నీళ్లే. అక్క బకెట్ కుమ్మరించిందనుకో, ఆ నీళ్లు దబ్బున కిందికి పోతూ వెనకనుంచి గాలి లాగుతాయి. డాబా మీద గొట్టం తెరిచి ఉంటే అక్కణ్నుంచి లాగుతాయి. మూసేస్తే? దగ్గర్లో ఉన్న కంతలోంచి లాగుతాయి. అప్పుడు వంపులో నీళ్లు గుడగుడమని, ఎవరో గుక్కలు వేస్తున్నట్టు చప్పుడు చేస్తూ పోతాయి. బిరడా ఊడిపోతుంది. ఇక ట్యాంకు గాలి తిన్నగా ఇంట్లోకే. అది పీలిస్తే తల నొప్పి, కడుపులో తిప్పడం, కళ్లు తిరగడం. కిటికీలు మూసుకుని రోజంతా పీలిస్తే మనిషిని మనిషి గుర్తుపట్టరు. ఆ గాలికి మనుషులు చచ్చిపోతారే.

నువ్వు "గోడలో ఎవరో ఉన్నారు" అని రాశావు. గుడగుడ అని రాయలేదు. నేనూ అడగలేదు.

ఇంకొకటి. జాలీలో చెంబుడు నీళ్లు పోస్తే ఏమవుతుందో తెలుసా? ఆ వంపు మళ్లీ నిండుతుంది. బిరడా మళ్లీ పడుతుంది. వాసన ఆగుతుంది. మొదట్లో ఆ ఇంట్లో మీ ముగ్గురి ప్రాణాలూ కాపాడింది అమ్మ రోజూ పోసిన పద్నాలుగు చెంబులు. ఆ చెంబు తీసి నువ్వు అటకెక్కించావు. నేను సంతకం పెట్టాను.

ఇది సిమెంటు లారీ డ్రైవరు చేతికిస్తున్నాను. టపాలో కంటే ముందొస్తుందని మొక్కుకుంటున్నాను. దారి బాగుంటే ఏడో తారీకు సాయంత్రానికి అందాలి.

మావయ్య

●

జూలై 9

మావయ్యా,

దారి బాగోలేదట. కొండ దిగే చోట రోడ్డు కోసుకుపోయిందట. ఎనిమిదో తారీకు మధ్యాహ్నం వచ్చాడు డ్రైవరు. అమ్మమ్మ ఆ పొద్దున్నే వెళ్లిపోయింది.

అమ్మ బస్సులో ముందు సీటు. బస్సు ఎక్కే ముందు అటక మీంచి చెంబు తీసి ఇచ్చాను. ఇంకేం ఇవ్వాలో తోచలేదు. దాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కిటికీలోంచి నాకేసి చూసి, "వాడికి కాస్త నీళ్లు పోస్తూ ఉండవే" అంది. నేను మొహం తిప్పుకున్నాను, ఏడుపు కనబడకుండా.

నీ ఉత్తరం వీధి గుమ్మంలో నిలబడి చదివాను. "ఆ బాత్రూంకి అది ముక్కు" అన్న మాట రెండుసార్లు చదివాను. నువ్వు చెప్పిన వరసలోనే చేశాను. కిటికీలు తీశాను, నీళ్లు పోశాను, రంపం పట్టుకుని డాబా ఎక్కాను. పూలకుండీ తియ్యలేదు, తన్నాను. అటు పక్క డాబా మీంచి దర్జీ ఏదో హాస్యమాడబోయి నా మొహం చూసి, మెట్లు దిగి, తన రంపం కూడా తెచ్చిచ్చాడు. నాది మొద్దుబారిందని ఆయనకి చప్పుడుని బట్టే తెలిసింది.

మూత ఊడాక తెరిచిన నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి, "అమ్మా, బకెట్ కుమ్మరించు" అని అరిచాను. అప్పుడే డ్యూటీ దిగి వచ్చిన అమ్మకి ఏమీ తెలియదు, కుమ్మరించింది. గొట్టం నా అరచేతిని పట్టి లాగింది. బలంగా, పసిపిల్ల పాలకి లాగినట్టు. చెయ్యి తీసేశాను. అరచేతిలో గుండ్రంగా అచ్చు పడింది. ఇవాళ్టికి పోయింది గాని నాకింకా కనబడుతోంది.

అమ్మకి విషయమంతా చెప్పాను. కండక్టరు సంచీ భుజానికి ఉండగానే బాత్రూం గడప మీద కూర్చుండిపోయింది. "దుప్పట్లు పొడిగానే ఉండేవి కదే" అంది. అంతే. మళ్లీ అదే. "పొడిగానే ఉండేవి కదే."

ఇంకా అయిపోలేదు. ఈ పొద్దున్న ప్రెస్సుకి వెళ్లి ఆ పుస్తకం మంచి ప్రతి తీశాను. నా దాంట్లో లేని రెండో ఫారం. పంతొమ్మిదో పేజీలో బొమ్మ. డాబా మీద గొట్టం, దాని అంచున ఒక పావురం. కింద లావు అక్షరాలు: దీనిని ఎన్నడూ మూయరాదు.

మావయ్యా, ఆ ఫారం మడిచింది నేనే. మూడు వేల ప్రతులు. మూడు వేలసార్లు ఆ పావురం మీద నా బొటనవేలు రాసి మడత పెట్టాను. ఒక్కసారి చదవలేదు.

"మీకు చెప్పినా అర్థం కాదు" అన్నవాణ్ని గెంటేశాను. అమ్మమ్మ నెల రోజులు చెప్పింది. కరపత్రం చదివి వినిపించాను.

రేపు సెలవు పెట్టి సదనానికి వెళుతున్నాను. వస్తుందో రాదో. ఆవిడ స్థానంలో నేనైతే రాను.

తుపాను

●

జూలై 15

అమ్మాయ్,

పాతికేళ్లుగా ఊరివాళ్లు నన్ను పిలుస్తారు. "మేస్త్రీ, మా గోడలో ఏదో చప్పుడవుతోంది." పనిముట్ల సంచీ కింద పెట్టి, గోడకి చెవి ఆనించి వింటాను. ముక్కూ మొహం తెలియనివాళ్లు చెప్పినా వింటాను. మా అమ్మ చెబితే మాత్రం కాగితం మీద సంతకం పెట్టాను.

ఆ స్టూలు మీద కూర్చుని "ఒరేయ్ ఇదెందుకు" అని ఆవిడ అడిగిన రోజే గాలి గొట్టం సంగతి చెప్పాను. ఆవిడ మర్చిపోయి ఉండొచ్చు. చెయ్యి మర్చిపోలేదు. నువ్వు అప్పటికి పుట్టలేదు.

వస్తానందా? ఒక్క ముక్క రాయి చాలు. నువ్వు తిట్టినవి ఇంకో నాలుగు తగిలించి రాసినా సరే.

మావయ్య

●

జూలై 21

మావయ్యా,

ఒక్క ముక్క కాదు, మొత్తం విను.

నేను వెళ్లేసరికి అమ్మమ్మ వరండాలో కుర్చీ వేసుకుని, ఎదురుగా నలుగురు ముసలమ్మలని కూర్చోబెట్టుకుని ఎవరి మనవలు ఎంత పనికిమాలినవాళ్లో పంచాయితీ చేస్తోంది. కళ్లు తేటగా ఉన్నాయి. గొంతు కంగుమంటోంది. రెండు రోజుల్లో! 

అక్కడి పెద్దావిడ, తాళాలగుత్తి ఆవిడ, నన్ను పక్కకి పిలిచి, "ఈవిడకి మతి సరిగా లేదని రాశారేమిటమ్మా?" అని నిలదీసింది. చివరి గదిలో మురుగు కంపని ఎవరూ ఉండరట, అది ఈవిడకిచ్చారు. వెళ్లగానే ముక్కు ఎగబీల్చి, వాడకంలో లేని పక్క బాత్రూంలోకి పోయి, ఎండిపోయిన జాలీలో రెండు చెంబుల నీళ్లు పోసిందట. సాయంత్రానికి కంపు లేదు. ఇప్పుడు అందరూ తమ గదులు చూసిపెట్టమని వరసలో ఉన్నారు.

నేను ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నాను. నేర్చుకున్న పెద్ద మాటలు ఒక్కటీ పనికి రాలేదు.

"మీ అమ్మ బస్సు దిగి వచ్చి చెప్పింది. గొట్టం కోశావటే?" అంది.

"కోశాను."

"ఎవరు చెప్పారు?"

"మావయ్య."

"వాడికి ఎవరు చెప్పారు?"

"నేనే. తిడుతూ రాశాను."

"మరి నేను నెల రోజులు చెప్పాను కదే."

  అమ్మమ్మ నా చెయ్యి తీసుకుని, తిప్పి, గోళ్లు చూసింది. "మసి ఇంకా పోలేదు" అంది. "రేపు రమ్మను మీ అమ్మని. ఈ పూట వీళ్ల కొళాయి ఒకటి కారుతోంది. నువ్వు ఎలాగూ వచ్చావు, వాషర్ మార్చి పో."

మార్చాను. ఆ నలుగురు ముసలమ్మలూ చుట్టూ నిలబడి, ఇదెందుకు అదెందుకు అని ప్రతి ముక్కకీ అడిగారు. అన్నిటికీ చెప్పాను. తెలియనివాటికి తెలియదని చెప్పాను.

ఇంటికొచ్చిన రోజు తిన్నగా వెనక గదిలోకి వెళ్లి, స్టూలు వేసుకుని, గోడకి చెవి ఆనించి, "కానీ" అంది. అమ్మ బకెట్ కుమ్మరించింది. గోడ చప్పుడు చెయ్యలేదు. మళ్లీ కుమ్మరించమంది. మళ్లీ లేదు. అమ్మ వైపూ నా వైపూ మార్చి మార్చి చూసి, "ఊఁ, ఇప్పుడు చెప్పండి. మతి ఎవరికి లేదు?" అంది. అమ్మ నవ్వబోయి ఏడ్చింది. తర్వాత దుప్పట్లన్నీ తీసి, అవసరం లేకపోయినా, మళ్లీ ఉతికింది. చెంబు బాత్రూంలో జాలీ పక్కనే ఉంది. ఎవరమూ ముట్టుకోం.

ఇక కింద ఉన్నది ఆవిడ మాట. కవిత్వం కలపలేదు. అక్షరం నాది.

"ఒరేయ్, నీ సంతకం చూశాను. సదనంవాళ్లు ఇచ్చేశారు ఆ కాగితం. కళ్లు ఆనకపోయినా వేలితో తడిమితే తెలిసింది, కింద గీత దాకా. అక్షరం బాగా కుదిరింది. పలక మీద దిద్దించింది నేనే కదా. చింపెయ్యమని నీ మేనకోడలు గోల. చింపనివ్వలేదు. దిండు కింద పెట్టుకున్నాను. నా ఎదురుగా ఈ స్టూలు మీద కూర్చుని నువ్వే చింపాలి. అది ఉత్తరంలో కుదిరే పని కాదు. బయల్దేరు."